కెమెరా కొనేముందు మైకు సంగతి చూడాలి

వీడియో సామగ్రి అనగానే అందరి చూపూ కెమెరా మీదకే వెళ్తుంది. కానీ పనికొచ్చే సామగ్రి అంటే కెమెరా బాడీ, లెన్స్, మైకు, లైటు, స్టాండు, మెమరీ కార్డులు, బ్యాటరీలు అన్నీ కలిపి. వీటిలో ఏ ఒక్కటి నాసిరకంగా ఉన్నా మిగతావాటి మీద పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. లక్ష రూపాయల కెమెరాతో తీసిన ఇంటర్వ్యూలో మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే చూసేవాళ్లు అర నిమిషం కూడా ఆగరు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా మాట స్పష్టంగా వినిపిస్తే చివరిదాకా చూస్తారు. అందుకే చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ముందు ధ్వని మీద, వెలుతురు మీద, కెమెరాను కదలకుండా నిలబెట్టే స్టాండు మీద ఖర్చు పెట్టాలి. ఆ తర్వాత లెన్స్, చివర్లో బాడీ. షాపుల్లో అమ్మకం జరిగే క్రమం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఏది కొనాలన్నది తీయబోయే పనిని బట్టి తేలుతుంది. ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పే టీచరు, వంటలు చూపించే గృహిణి, పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫరు, పొలాల్లో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, తను నేసిన చీరలను ఆన్‌లైన్‌లో అమ్ముకునే నేతకారుడు, వీళ్లలో ఏ ఇద్దరి అవసరమూ ఒకటి కాదు. పాఠం చెప్పే మనిషి కదలడు, గది మారదు, తప్పు దొర్లితే మళ్లీ తీయొచ్చు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది, అక్కడ కెమెరా మొరాయిస్తే రెండోది చేతిలో సిద్ధంగా ఉండాలి. పొలంలో గాలి, ఎండ, దుమ్ము. చీరల ఫొటోలకు మైకుతో పనే లేదు, రంగు ఉన్నది ఉన్నట్టు రావాలి, అంతే. జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి లాంటి చిన్న ఊరి నుంచి ‘మై విలేజ్ షో’ తెలుగువాళ్లున్న ప్రతిచోటికీ చేరిందంటే దానికి కారణం అందులోని మనుషులు, వాళ్ల యాస, వాళ్ల కథలు. సామగ్రి చేయాల్సిందల్లా వాటికి అడ్డురాకుండా ఉండటమే. కొనబోయేవారు ముందుగా ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసుకోవాలి. ఎక్కడ తీస్తారు, ఎంతమంది మాట్లాడతారు, వెలుతురు ఎటునుంచి వస్తుంది, తీసింది చివరికి ఫోనులో చూస్తారా, టీవీలోనా, ఆల్బమ్‌లోనా? ఈ జవాబులు లేకుండా షాపుకు వెళ్తే అమ్మేవాడి అవసరమే కొనేవాడి అవసరంగా మారిపోతుంది.

ధ్వని విషయంలో మైకు ధర కన్నా నోటికీ మైకుకూ మధ్య ఉన్న దూరం ఎక్కువ ముఖ్యం. దూరం రెట్టింపయితే నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే దాని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఫ్యాను రొద మాత్రం గదంతా దాదాపు ఒకేలా పరుచుకుని ఉంటాయి కాబట్టి అవి తగ్గవు. కెమెరా మీద బిగించిన మైకు మాట్లాడే మనిషికి ఎనిమిది అడుగుల దూరంలో ఉందనుకుందాం. దాన్నే రెండడుగుల దగ్గరికి తెస్తే గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను శబ్దం అలాగే ఉంటుంది. ఎంత ఖరీదైన మైకయినా దూరంగా ఉండి ఆ తేడాను పూడ్చలేదు. మన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్, చుట్టూ నున్నని గోడలు. ఇలాంటి గదిలో ప్రతి మాటా రెండుమూడుసార్లు తిరిగొస్తుంది. ఫ్రేములో కనిపించని వైపు నాలుగు బొంతలు వేలాడదీసి, నేలమీద చాప బదులు మందపాటి దుప్పటి పరిచి, పరదాలు మూస్తే ఆ తేడా అప్పటికప్పుడే చెవికి తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక్కరే మాట్లాడే వీడియోలకు కాలర్ మైకును మించినది లేదు. గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో తగిలిస్తే తల అటూ ఇటూ తిప్పినా గొంతు ఒకేలా వస్తుంది. ఈ చిన్న మైకుల్లో చాలావరకు ఎలెక్ట్రెట్ రకానివి. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కనిపెట్టిన ఆ పద్ధతి వల్లే చిన్న మైకు చవగ్గా తయారుచేయడం సాధ్యమైంది. వైరుతో వచ్చే కాలర్ మైకు కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతుంది, పైగా దానికి సిగ్నల్ తెగే బెడద లేదు. పిన్ను మాత్రం చూసి కొనాలి. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద రెండు గీతలుంటే అది కెమెరాలకూ రికార్డర్లకూ, మూడు గీతలుంటే ఫోన్లకు. ఒకదాని మైకును ఇంకొకదానికి నేరుగా పెడితే చాలాసార్లు శబ్దమే రికార్డు కాదు. మధ్యలో పెట్టే చిన్న కన్వర్టరు ఉంటే సరిపోతుంది. హెడ్‌ఫోన్ రంధ్రమే లేని ఫోన్లయితే యూఎస్‌బీ టైప్-సి పిన్ను ఉన్న మైకు తీసుకోవాలి.

కాలర్ మైకుకు బట్టల రాపిడే ప్రధాన సమస్య. నూలు చీర, మెత్తని చొక్కా ఇబ్బంది పెట్టవు. పట్టుచీర, గంజి పెట్టిన ఖద్దరు, మెడలోని గొలుసులు, నల్లపూసలు కదిలిన ప్రతిసారీ గరగరమని వినిపిస్తుంది. మైకు తల బట్టకు ఒరుసుకోకుండా మెడికల్ టేపుతో అంటించి, దాని కింద వైరును ఒక చుట్టు తిప్పి ఇంకో టేపు వేస్తే ఆ గొడవ చాలామటుకు పోతుంది.

వైర్‌లెస్ మైకులు ఇప్పుడు చిన్న చిన్న ఛానెళ్లవాళ్ల చేతుల్లోకి కూడా వచ్చాయి. 2019లో రోడ్ కంపెనీ ‘వైర్‌లెస్ గో’ తెచ్చాక ఈ రకం బాగా వ్యాపించింది. వీటిలో ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అవే తరంగాలు వాడతాయి. వందల ఫోన్లు చేరే ఫంక్షన్ హాలులో మాట మధ్యమధ్యలో తెగిపోవడానికి అదొక కారణం. రెండో కారణం మనిషి శరీరం. ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది కాబట్టి మాట్లాడేవాళ్లు కెమెరాకు వీపు తిప్పితే సిగ్నల్ బలహీనపడుతుంది. డబ్బా మీద రాసిన వందల మీటర్ల దూరం ఎదురుగా ఏ అడ్డూ లేని బయలు ప్రదేశానికి సంబంధించిన లెక్క. అందుకే, కొంచెం ధర ఎక్కువైనా, ట్రాన్స్‌మిటర్‌లోనే శబ్దం విడిగా రికార్డయ్యే మోడల్ తీసుకోవడం తెలివైన పని. రోడ్ ‘వైర్‌లెస్ గో 2’, డీజేఐ ‘మైక్’ లాంటివాటిలో ఆ సౌకర్యం ఉంది. సిగ్నల్ తెగినా మాట పోదు.

పొడుగాటి షాట్‌గన్ మైకు తన ఎదురుగా ఉన్న శబ్దాన్ని ఎక్కువగా, పక్కల శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. దూరాన్ని దగ్గర చేస్తుందన్న నమ్మకం మాత్రం తప్పు. ఆరుబయట కర్రకు కట్టి, ఫ్రేముకు కొంచెం పైన, నోటివైపు వంచి పట్టుకుంటే అద్భుతంగా పనిచేస్తుంది. సినిమా షూటింగుల్లో కనిపించే బూమ్ మైకు ఇదే. ప్రతిధ్వని ఉన్న చిన్న గదిలో అదే మైకు తేలిపోతుంది, ఎందుకంటే గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం దాని గొట్టంలోకి అన్నివైపుల నుంచీ చేరి గొంతు రూపాన్నే మారుస్తుంది. గదుల్లో కాలర్ మైకు, బయట బూమ్ అన్నది మంచి మొదటి నియమం. ఆరుబయట ఏ మైకుకైనా బొచ్చు కవరు తప్పనిసరి. మైకుతో వచ్చే నురగ తొడుగు నోటి గాలిని ఆపుతుంది గానీ పొలంగట్టు మీద వీచే గాలిని ఆపలేదు.

ఇక రికార్డింగు స్థాయి. డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెల్స్ గరిష్ఠ హద్దు, అది దాటితే శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. మామూలు మాట మీటరు మీద మైనస్ 12 దగ్గర ఆడాలి, గట్టిగా మాట్లాడినా మైనస్ 6 దాటకూడదు. కెమెరాలో శబ్ద స్థాయిని తనంతట తానే మార్చే ఆటో గెయిన్ ఉంటే ఆపేయాలి, లేకపోతే మనిషి మాట ఆపిన ప్రతిసారీ అది ఫ్యాను శబ్దాన్ని పైకి లాగుతుంది. ఈ నియమానికి పరీక్ష పెట్టడంలో తెలుగు పెళ్లిని మించినది లేదు. పురోహితుడి మంత్రాలు ఒక స్థాయిలో సాగుతుంటాయి. మాంగల్యధారణ వేళకు గట్టిమేళం అందుకుంటుంది. డోలు, నాదస్వరం ఒక్కసారిగా ఎగసేసరికి మంత్రాలకు సరిపెట్టిన మీటరు ఎర్రగీత దాటేస్తుంది. పెళ్లిలోని అతి ముఖ్యమైన ఘట్టంలో ధ్వని అలా చెడిపోవడం చాలా పెళ్లి వీడియోల్లో వినిపిస్తుంది. దీనికి రెండు దారులున్నాయి. కొన్ని మైకులు, రికార్డర్లు అదే శబ్దాన్ని తక్కువ స్థాయిలో రెండో ట్రాకుగా కూడా రాసిపెడతాయి, మొదటిది పగిలినా రెండోది నిలుస్తుంది. ఇంకో దారి 32-బిట్ ఫ్లోట్ రికార్డింగు. ఇందులో అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా ఫైలులో ఇమిడిపోతుంది, స్థాయి తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అయితే డోలు పక్కనే పెట్టిన మైకు తానే తట్టుకోలేకపోతే ఏ ఫైలూ కాపాడదు.

కెమెరాల్లో మైకు శబ్దాన్ని పెంచే సర్క్యూటు సాధారణంగా అంత మంచిది కాదు, పెంచినకొద్దీ సన్నని సరసర మొదలవుతుంది. మైకు రిసీవర్ అవుట్‌పుట్ ఎక్కువగా, కెమెరా గెయిన్ తక్కువగా పెట్టుకోవడం మంచిది. విడిగా చిన్న రికార్డరు వాడితే ఇంకా మేలు. రికార్డరు, కెమెరా రెండూ నడుస్తుండగా ఒక్క చప్పట కొడితే చాలు, ఎడిటింగులో ఆ శబ్దాన్ని చూసి రెండింటినీ కలపొచ్చు. ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేరు ఆ పనిని తానే చేసిపెడుతుంది. వీడియోకు 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోవాలి. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ తీయడం అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు. మీటరు ఆడుతున్నంత మాత్రాన శబ్దం బాగున్నట్టు కాదు. వదులైన పిన్ను, రాసుకుంటున్న చీర, పక్కింటి కుక్కర్ విజిల్ చెవికి మాత్రమే తెలుస్తాయి.

తర్వాతి స్థానం వెలుతురుది. వెలుతురు చాలనప్పుడు కెమెరా బొమ్మ వెలుగును పెంచే ఐఎస్ఓ అంకెను పెంచాల్సి వస్తుంది, దాంతో బొమ్మ మీద ఇసుక చల్లినట్టు రవ్వలు కనిపిస్తాయి. అలాంటిచోట ఖరీదైన బాడీ కొనడం కన్నా ఒక లైటు కొనడం చవక. అసలు పగటిపూట పెద్ద కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, రెండోవైపు తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెడితే ముఖం మీద మెత్తని, నిండైన వెలుగు వస్తుంది. నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ అయితే మరీ మంచిది. రాత్రి తీయక తప్పనివారికి ఎల్ఈడీ లైటు, దాని ముందు గుడ్డ తొడుగున్న సాఫ్ట్‌బాక్స్ చాలు. వెలుగు వచ్చే తలం ఎంత పెద్దదిగా, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తగా పడతాయి. ఎల్ఈడీ కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు చూడాల్సింది సీఆర్ఐ అనే అంకె. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో 100కు చెప్పే లెక్క అది. 95 పైన ఉంటే నమ్మొచ్చు. చవక లైట్ల కింద చర్మం పచ్చగా, పాలిపోయి కనిపించడానికి ఈ అంకె తక్కువ ఉండటమే కారణం. చీరలు అమ్మేవారికి ఇది నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం. ఫొటోలో మామిడిపండు రంగులో ఉన్న చీర ఇంటికొచ్చాక నిమ్మపండు రంగులో ఉంటే కొన్నవాళ్లు తిప్పి పంపేస్తారు. తెల్ల ట్యూబులైటు, పసుపు బల్బు, కిటికీ వెలుగు ఒకేచోట కలపకుండా ఒక్కదాన్నే ఉంచాలి, గ్రే కార్డు చూపించి వైట్ బ్యాలెన్స్ చేత్తో సెట్ చేయాలి.

వెలుతురు దగ్గరే ఇంకో చిక్కు ఉంది. కెమెరాల మార్గదర్శకాల్లో చాలా అమెరికా వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అక్కడ కరెంటు సెకనుకు 60 సైకిళ్లు, మన దేశంలో 50. మన ట్యూబులైట్లు, చాలా ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతుంటాయి. కంటికి కనబడదు గానీ కెమెరాకు కనబడుతుంది. సెకనుకు 30 ఫ్రేములు, సెకనులో 60వ వంతు షట్టరు పెట్టి ఇంట్లో తీస్తే బొమ్మ మీద నల్ల చారలు కదలడం, వెలుగు మిణుకుమనడం అందుకే. కెమెరా మెనూలో మన 50 సైకిళ్ల కరెంటుకు సరిపడే పాల్ పద్ధతి ఎంచుకుని, 25 ఫ్రేములు, 50వ వంతు షట్టరు పెడితే ఆ జబ్బు పోతుంది. ఐఫోన్‌లో కూడా వీడియో సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఉంటుంది. ఎండలో తీసేటప్పుడు ఈ బాధ లేదు, కానీ 50వ వంతు షట్టరుకు ఎండ ఎక్కువైపోతుంది కాబట్టి లెన్స్ ముందు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు బిగించాలి.

స్టాండు గురించి చెప్పాల్సింది కొంచెమే. ఫొటోలకు ఏ గట్టి ట్రైపాడ్ అయినా చాలు. కెమెరాను మెల్లగా తిప్పుతూ వీడియో తీయాలంటే ఫ్లూయిడ్ హెడ్ ఉన్నది కావాలి, మామూలు తల జర్కు ఇస్తుంది. తేలికపాటి స్టాండు కొనాల్సివస్తే దాని మధ్య కొక్కేనికి ఇసుక సంచి వేలాడదీయొచ్చు. కెమెరా కుదుపులను సరిచేసే జింబల్ నడుస్తూ తీసేవారికే అవసరం. దాన్ని ప్రతిసారీ సరితూకం చేయడానికి ఓపిక, నడక నేర్చుకోవడానికి వారాల సాధన కావాలి.

ఇవన్నీ కుదిరాక కెమెరా మాట. కొత్తగా మొదలుపెట్టేవారికి జేబులోని ఫోనే సరైన మొదటి కెమెరా. పగటి వెలుగులో, మెయిన్ కెమెరాతో, జూమ్ చేయకుండా తీస్తే మధ్యరకం ఫోను కూడా చక్కటి వీడియో ఇస్తుంది. ఫోకస్, వెలుగు లాక్ చేయాలి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి, వెనకవైపు కెమెరానే వాడాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ షట్టరు, ఫ్రేమ్ రేట్ చేత్తో పెట్టుకోనిస్తుంది. ఫోను ఎక్కడ ఓడిపోతుందంటే, రాత్రి వేళ, దూరంగా ఉన్న వేదిక మీది మనుషుల దగ్గర, గంటల తరబడి ఆపకుండా తీయాల్సిన చోట. అక్కడినుంచి కెమెరా అవసరం మొదలవుతుంది.

స్టిల్ కెమెరాతో సినిమా స్థాయి వీడియో తీయొచ్చన్న సంగతి 2008లో నికాన్ డీ90, కెనన్ 5డీ మార్క్ 2 రావడంతో లోకానికి తెలిసింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను ఇలాంటి చిన్న కెమెరాలతోనే ఐదు రోజుల్లో తీశారు. బొమ్మ నాణ్యతలో పెద్ద పాత్ర సెన్సరు పరిమాణానిది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఏపీఎస్-సీ రకం సుమారు 23.5కు 15.6, మైక్రో ఫోర్‌థర్డ్స్ 17.3కు 13. ఫోన్లవి వీటిలో చిన్న భాగం. సెన్సరు పెద్దదైనకొద్దీ తక్కువ వెలుగులో బొమ్మ శుభ్రంగా వస్తుంది, లెన్సుల బరువూ ధరా కూడా పెరుగుతాయి. మెగాపిక్సెళ్ల పోటీ మాత్రం పట్టించుకోనవసరం లేదు. ఏ4 కాగితం మీద నాణ్యంగా ముద్రించడానికి 9 మెగాపిక్సెళ్లు, 12కు 18 అంగుళాల ఆల్బమ్ పేజీ నిండా ఒకే ఫొటో వేయడానికి 20 మెగాపిక్సెళ్లు చాలు. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేము 8.3 మెగాపిక్సెళ్లే.

ఎక్కువమందికి ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ సరైన ఎంపిక. సోనీ జెడ్‌వీ-ఇ10, కెనన్ ఆర్50, నికాన్ జెడ్30 ఈ తరగతిలోవి. మూడింటికీ పక్కకు తెరుచుకుని తిరిగే తెర, బయటి మైకు పెట్టుకునే రంధ్రం ఉన్నాయి. చేతి వణుకును సెన్సరు దగ్గరే సరిచేసే ఏర్పాటు మూడింటిలోనూ లేదు. హెడ్‌ఫోన్ రంధ్రం సోనీకి మాత్రమే ఉంది, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ కెనన్‌కు మాత్రమే ఉంది. మాటలు ఎక్కువుండే వీడియోలు తీసేవారికి మొదటిది, ఎండలో ఫొటోలు ఎక్కువ తీసేవారికి రెండోది పనికొస్తాయి. పెళ్లిళ్లు వృత్తిగా తీసేవారు రెండు కార్డులు పట్టే బాడీకి తక్కువ దేనికీ ఒప్పుకోకూడదు. ఒక కార్డు చెడిపోతే మళ్లీ ముహూర్తం పెట్టించలేరు. 10-బిట్ రికార్డింగు ఉంటే ఒక్కో రంగులో 256 ఛాయలకు బదులు 1024 దొరుకుతాయి. రంగులు తర్వాత దిద్దేవారికి అది వరం, దిద్దని వారికి బరువైన ఫైళ్లు మాత్రమే. ఆపకుండా ఎంతసేపు తీయగలదో కూడా అడిగి తెలుసుకోవాలి. కొన్ని పాత మోడళ్లు అరగంటకు ఆగిపోతాయి, చిన్న బాడీలు ఏప్రిల్, మే ఎండల్లో వేడెక్కి ఆగిపోయే అవకాశం ఉంది.

బాడీ కొన్నేళ్లకు పాతబడుతుంది, మంచి లెన్స్ రెండుమూడు బాడీలు మారినా పనిచేస్తుంది. లెన్స్ ఎఫ్ నంబరు ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌ను జూమ్ చేసినప్పుడు ఆ నంబరు 5.6కు లేదా ఇంకా పైకి చేరుతుంది. ఎఫ్ 1.8 లెన్స్ ఎఫ్ 5.6 కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. చాలా కంపెనీల 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ వాటి లెన్సులన్నిటిలోకీ చవకైన వాటిలో ఒకటి, ముఖం ఫొటోలకు అది బంగారం. ఏపీఎస్-సీ మీద మాత్రం అది ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు 75 నుంచి 80 ఎంఎం లెన్స్ ఇచ్చే చూపునిస్తుంది, చిన్న గదిలో గోడకు ఆనుకుని నిలబడాల్సి వస్తుంది. ఇంటి వంటగదికి, ఇంటర్వ్యూలకు 35 ఎంఎం లోపు లెన్స్ చూసుకోవాలి.

కార్డుల దగ్గర పొదుపు చేయడం ప్రమాదం. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలతో ఐదు గంటల పెళ్లి తీస్తే 450 జీబీ. కార్డు మీద ‘వీ30’ అన్న గుర్తుంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం, ఈ పనికి అది సరిపోతుంది. నకిలీ కార్డులు ఎక్కువ కాబట్టి కొత్త కార్డును ఒకసారి పూర్తిగా నింపి, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే పనికి తీసుకెళ్లాలి. అదే రాత్రి రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించే వరకు కార్డు చెరపకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనడంలో తప్పేమీ లేదు, ఫొటోలకే అయితే పాత డీఎస్ఎల్ఆర్ ఇప్పుడు చాలా చవక. లెన్స్‌లోకి వెనకనుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి సన్నని తీగలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయాలి. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సరు మీది మచ్చలు బయటపడతాయి. షట్టరు ఎన్నిసార్లు పడిందో కూడా అడగాలి. విదేశాల్లో ఉన్న చుట్టాల చేత తెప్పించుకునేవారు రెండు సంగతులు చూసుకోవాలి. చాలా కంపెనీల వారంటీ మన దేశపు బిల్లు ఉంటేనే ఇక్కడ చెల్లుతుంది. జపాన్‌లో అమ్మే కొన్ని సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లో తప్ప కనిపించదు. తెచ్చేవారు విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో కాక చేతిసంచిలోనే పెట్టుకోవాలి, అది విమానాల నియమం.

కొన్నాక కాపాడుకోవడం మరో సంగతి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల ఉక్కపోతలో లెన్సులకు ఫంగస్ త్వరగా పడుతుంది. లెన్స్‌తో వచ్చిన తోలు సంచిలో, గుడ్డ బ్యాగులో మూసిపెట్టడం దానికి ఆహ్వానం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. తేమ కొలిచే చిన్న మీటరు చవగ్గా దొరుకుతుంది. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గది నుంచి ఒక్కసారిగా ఉక్కలోకి తెస్తే లెన్స్ మీద నీటిపొర పడుతుంది కాబట్టి కెమెరాను పావుగంట సంచిలోనే ఉంచి తీయాలి.

డబ్బు పంచుకునే విషయంలో ఒక తీర్పు చెప్పాలంటే, మొత్తం బడ్జెట్‌లో బాడీకి మూడో వంతు దాటకూడదు. ఇంట్లో మంచి ఫోను ఉన్నవారు ఆ మూడో వంతును కూడా ఏడాది పాటు దాచుకోవచ్చు. పెద్ద మొత్తం పెట్టేముందు అనుకున్న సామగ్రిని ఒకరోజు అద్దెకు తెచ్చి, తాము తీసే చోటే, తాము తీసే వేళకే వాడి చూడాలి. హైదరాబాద్ లాంటి నగరాల్లో కెమెరాలు, లెన్సులు, లైట్లు రోజు అద్దెకిచ్చే షాపులున్నాయి. బరువు చేతికి ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు నిలిచింది, ఆ హాలులో మైకు తెగిందా లేదా, ఇంట్లోని కంప్యూటరు ఆ ఫైళ్లను మోయగలిగిందా అన్నవి అప్పుడు తెలుస్తాయి. ఆ ఒక్కరోజు అద్దె కట్టి చూశాకే కొనండి.